లక్షలు పోయకుండా చెన్నైలో లలితకళల డిగ్రీ: ఎలా వెతుక్కోవాలి

బొమ్మలు, శిల్పం, పాట, నాట్యం, సినిమా ఛాయాగ్రహణం. వీటిలో మీకు ఏది కావాలన్నా చెన్నైలో దానికొక ప్రభుత్వ సంస్థ ఉంది. అక్కడి ఫీజు వింటే, ఇంటర్‌కి కార్పొరేట్ కాలేజీలో కట్టిన డబ్బు గుర్తొచ్చి కడుపు మండుతుంది. అయినా నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చే పిల్లలు ముందుగా చూసేది హోర్డింగుల మీద కనబడే ప్రైవేటు యూనివర్సిటీలనే. ప్రభుత్వ కాలేజీ ప్రకటనలివ్వదు, ఫోన్ చేసి పిలవదు. వెతుక్కుంటూ మనమే వెళ్లాలి. చదవబోయేది మీరే అయినా, చదివించే అమ్మానాన్నలైనా, ఆ వెతుకులాట ఏ వరసలో చేస్తే డబ్బూ ఏడాదీ వృథా కావో ఇక్కడ చెబుతాను.

1. ముందు కోర్సు పేరు తేల్చుకోండి

మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది కాలేజీ దగ్గర కాదు, కోర్సు పేరు దగ్గర. చెన్నైలో ఎవరినైనా "బొమ్మల కోర్సు ఎక్కడుంది" అని అడిగితే టక్కున "విస్‌కామ్" అంటారు. విజువల్ కమ్యూనికేషన్ అనే ఈ కోర్సు ఊళ్లో చాలా ప్రైవేటు కాలేజీల్లో ఉంది. సాధారణంగా మూడేళ్ల బీఎస్సీ. కెమెరా, ఎడిటింగ్, ప్రకటనలు, డిజైను, కాస్త జర్నలిజం, అన్నీ తలా కొంచెం నేర్పుతారు. టీవీలోనో యాడ్ ఏజెన్సీలోనో పని చేద్దామనుకునేవాళ్లకి అది మంచి చదువే. కానీ రంగులు కలపడం, మట్టి పిసకడం, రాగిరేకు మీద గీయడం నేర్చుకోవాలని వచ్చిన పిల్ల అందులో చేరితే రెండో సెమిస్టర్‌కల్లా మొహం వాలిపోతుంది. ఆమెకి కావలసింది బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ), లేదా బీవీఏ (దృశ్యకళల డిగ్రీ). అది నాలుగేళ్లు. చాలాచోట్ల మొదటి ఏడాది అందరికీ ఒకటే పునాది పాఠాలు, ఆ తర్వాత పెయింటింగా శిల్పమా అని విడిపోతారు.

పాటకీ నాట్యానికీ బీఏ మ్యూజిక్, బీఎఫ్‌ఏ, బీపీఏ (ప్రదర్శన కళల డిగ్రీ) అని రకరకాల పేర్లు కనిపిస్తాయి. వాటి పక్కనే అదే ఆవరణలో డిప్లొమా కూడా నడుస్తుంటుంది. డిప్లొమా చదివినవాళ్లకి పాట తక్కువ వస్తుందని కాదు. కచేరీలు చేసుకోవడమే లక్ష్యమైతే మంచి గురువు దగ్గర డిప్లొమా చాలు. కానీ రేపు ఎంఏ చేయాలన్నా, లెక్చరర్ కావడానికి నెట్ రాయాలన్నా, కేంద్రీయ విద్యాలయంలో ఆర్ట్ టీచర్ పోస్టుకో మ్యూజిక్ టీచర్ పోస్టుకో దరఖాస్తు పెట్టాలన్నా మీ చేతిలో ఉన్న కాగితం దేనికి సమానమో అడుగుతారు. కాబట్టి "ఇది డిగ్రీనా, డిప్లొమానా? సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరుంటుంది?" అన్న రెండు ప్రశ్నలు ఆఫీసులో మొట్టమొదటే అడగండి. జవాబు నోటిమాటగా కాదు, ప్రాస్పెక్టస్‌లో చూపించమనండి.

2. పరక్కుం రైలెక్కి లిస్టు రాసుకోండి

ఇంటర్నెట్‌లో "టాప్ టెన్" జాబితాలు చూసి లిస్టు తయారు చేయకండి. వాటిలో ముందున్నవాళ్లు చాలాసార్లు ప్రకటనలిచ్చినవాళ్లే. చెన్నైలో ఇంతకంటే తేలిక దారి ఉంది. బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరి దాకా ఎత్తు మీద నడిచే రైలుని ఇక్కడివాళ్లు పరక్కుం రైలంటారు. కళల చదువు చాలావరకు ఆ లైను వెంబడే ఉంది.

చెపాక్‌లో దిగితే మద్రాసు విశ్వవిద్యాలయం. అక్కడి సంగీత విభాగం 1932 నాటిది. మీకది డిగ్రీ తర్వాత పనికొస్తుంది, ఇప్పుడైతే చూసి ఉంచుకోండి. లైట్‌హౌస్‌లో దిగితే మెరీనా ఒడ్డున క్వీన్ మేరీస్. 1914లో మొదలైన ప్రభుత్వ మహిళా కాలేజీ, బీఏ మ్యూజిక్ ఉంది. అమ్మాయిలకి, అందులోనూ ఖర్చు చూసుకునే ఇళ్లకి, ఇంతకంటే నిక్షేపమైన చోటు ఊళ్లో తక్కువ. గ్రీన్‌వేస్ రోడ్ స్టేషన్ దగ్గర తమిళనాడు ప్రభుత్వ సంగీత కళాశాల, బ్రోడీ కాసిల్ అనే పాత బంగళా ఉన్న ఆవరణలో. 1949లో కర్ణాటక సంగీతానికి కేంద్ర కళాశాలగా పెట్టినప్పుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ దాని ప్రిన్సిపాల్. రాష్ట్రంలోని ప్రభుత్వ సంగీత, లలితకళల కాలేజీలన్నిటికీ పెద్ద దిక్కుగా 2013లో పెట్టిన డాక్టర్ జె. జయలలిత సంగీత, లలితకళల విశ్వవిద్యాలయం కూడా ఆ వైపే.

ఇంకాస్త ముందుకెళ్లి తిరువాన్మియూర్‌లో దిగితే కళాక్షేత్ర. రుక్మిణీదేవి అరుండేల్ 1936లో స్థాపించారు. 1993లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. భరతనాట్యం, కర్ణాటక సంగీతం, చిత్రకళ నేర్పుతారు. ఆవరణలోనే హాస్టల్ ఉంది. కళాక్షేత్ర పేరు మోసింది నాలుగేళ్ల డిప్లొమాతో. పైన చెప్పిన డిగ్రీ, డిప్లొమా ప్రశ్న ఇక్కడ తప్పకుండా అడగాలి. ఆ తర్వాతి స్టేషన్ తరమణి. ఎంజీఆర్ ప్రభుత్వ ఫిల్మ్, టెలివిజన్ శిక్షణ సంస్థ అక్కడుంది. సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్, ఆడియోగ్రఫీ, డైరెక్షన్, యానిమేషన్ లాంటివి. పాతవాళ్లు ఇప్పటికీ అడయార్ ఇన్‌స్టిట్యూట్ అనే అంటారు. సీట్లు చాలా తక్కువ, పోటీ చాలా ఎక్కువ. తరమణిలోనే ఫ్యాషన్ డిజైన్ నేర్పే నిఫ్ట్ ఉంది. అది కేంద్ర ప్రభుత్వానిదే అయినా ఫీజు మాత్రం లక్షల్లో. "గవర్నమెంటు కదా" అని నమ్మి చివర్లో కంగుతినకండి.

ఈ లైనుకి అవతల రెండు మూడు మిగిలాయి. వాటిలో పెద్దది ఎగ్మూరులో, పూనమల్లి హైరోడ్డు మీద, స్టేషన్ నుంచి నడుచుకుంటూ వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ప్రభుత్వ లలితకళల కాలేజీ. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే సర్జన్ మొదలుపెట్టిన బడి ఇది. మెరీనాలో బండరాయిని కదిలిస్తున్న నలుగురు శ్రామికుల విగ్రహం చూశారు కదా, దాన్ని చెక్కిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి ఏళ్ల తరబడి దీనికి ప్రిన్సిపాల్. ఆయన తర్వాత వచ్చిన కె.సి.ఎస్. పణిక్కర్ ఆధ్వర్యంలోనే 1966లో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చోళమండల్ కళాకారుల గ్రామం పుట్టింది. గుడివాడలో పుట్టిన చిత్రకారుడు ఎస్.వి. రామారావు కూడా ఈ కాలేజీలో చదివినవారే. పెయింటింగ్, శిల్పం, ప్రింట్‌మేకింగ్, టెక్స్‌టైల్, సిరామిక్, ఇలా విభాగాలున్నాయి. పెయింటింగ్‌కి అందరూ ఎగబడతారు. సిరామిక్, టెక్స్‌టైల్ వైపు తల తిప్పి చూసేవాళ్లు తక్కువ. చేతిపని మీద ఇష్టముంటే అటువైపూ ఆలోచించండి, బతుకుదెరువుకి అవి పెయింటింగ్ కంటే మెరుగంటాను నేను.

మహాబలిపురంలో 1957 నాటి ప్రభుత్వ వాస్తు, శిల్ప కళాశాల ఉంది. రాతిలో, చెక్కలో, లోహంలో సంప్రదాయ శిల్పం నేర్పుతారు. గుడి పనులు చేసే కుటుంబాల పిల్లలకి ఇది సొంతిల్లులా ఉంటుంది. ఇక కెథడ్రల్ రోడ్డులో స్టెల్లా మారిస్, అమ్మాయిలకి. లలితకళల విభాగానికి మంచి పేరుంది. ఇలాంటి పాత కాలేజీల్లో ఒకే గోడ లోపల ఎయిడెడ్ కోర్సులు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు అని రెండు రకాలు ఉంటాయి. ఎయిడెడ్ అంటే లెక్చరర్ల జీతం ప్రభుత్వం ఇస్తుంది కాబట్టి ఫీజు తక్కువ. సెల్ఫ్ ఫైనాన్స్‌లో ఆ భారం మీ మీద పడుతుంది. మీరు చూస్తున్న కోర్సు ఎందులో ఉందో అడగకుండా ఫీజు గురించి మాట్లాడుకోవడం దండగ.

మీ లిస్టు వరస ఇలా ఉండాలి: ప్రభుత్వం ముందు, తర్వాత ఎయిడెడ్, ఆ తర్వాత సెల్ఫ్ ఫైనాన్స్, అన్నిటికంటే చివర ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీలు. ప్రైవేటువి పనికిరావని కాదు. యానిమేషన్, గేమ్ డిజైన్ లాంటి వాటిలో మంచి కంప్యూటర్లు, కొత్త సాఫ్ట్‌వేర్ ఉంటేనే చదువు సాగుతుంది, అక్కడ డబ్బుకి కొంత అర్థముంది. వీణకీ, మృదంగానికీ, తైలవర్ణ చిత్రానికీ మాత్రం ఏసీ గదికి లక్షలు పోయనక్కర్లేదు.

3. కాగితాలు సరిచూడండి

ఇది పావుగంట పని. యూనివర్సిటీ పేరు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) వెబ్‌సైట్‌లో ఉందా చూడండి. నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా అక్కడే పెడతారు. కాలేజీ అయితే ఏ యూనివర్సిటీకి అనుబంధమో, ఆ అనుబంధం కాలేజీకి మాత్రమేనా మీ కోర్సుకి కూడా ఉందా అని అడగండి. దూరవిద్యలో డిగ్రీ ఇస్తామంటే యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఆ కోర్సుకి, ఆ ఏడాదికి ఉండాలి. "విదేశీ యూనివర్సిటీతో ఒప్పందం", "వంద శాతం ప్లేస్‌మెంట్" అన్న మాటలు వినబడితే పర్సు గట్టిగా పట్టుకోండి. బొమ్మలు వేసేవాడికి వంద శాతం ప్లేస్‌మెంట్ ఏమిటో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

4. మామూలు రోజున, మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడండి

కాలేజీ మంచిదా కాదా అన్నది తేలేది ఇక్కడే. ఓపెన్ డే రోజున అన్ని కాలేజీలూ పెళ్లివారిల్లులాగే ఉంటాయి. మీరు వారం మధ్యలో ఒక రోజు మధ్యాహ్నం పూట వెళ్లండి. గేటు దగ్గర "అడ్మిషన్ వివరాలు కనుక్కోడానికి" అంటే సాధారణంగా లోపలికి పంపిస్తారు. ఆఫీసులో కూర్చోకుండా స్టూడియోల వైపు నడవండి.

బొమ్మల కాలేజీలో చూడాల్సింది గోడలకి వేలాడదీసిన ప్రైజుల బొమ్మలు కాదు, ఈజిళ్ల మీద సగం వేసి వదిలిన బొమ్మలు. పిల్లలు పని చేస్తున్నారా లేక ఈజిళ్లు దుమ్ము పట్టాయా? సిరామిక్ విభాగంలో బట్టీ చివరిసారి ఎప్పుడు వెలిగింది? ప్రింట్ తీసే ప్రెస్సు తిరుగుతోందా, తుప్పు పట్టిందా? మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయించే క్లాసు వారానికి ఎన్నిసార్లు? క్లాసు అయ్యాక సాయంత్రం స్టూడియో తలుపులు తెరిచి ఉంచుతారా? నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఈ చివరిదే. హాస్టల్ గదిలో ఆరడుగుల కాన్వాసు వేయలేరు. నాలుగింటికి తాళం పడే కాలేజీలో నాలుగేళ్లు చదివితే చేతికి దక్కేది రెండేళ్ల పనే.

సంగీత కాలేజీలో వరండాలో కాసేపు నిలబడి వినండి. ఒక గదిలో ఎంతమంది కూర్చుని పాడుతున్నారు? టీచర్ ఒక్కొక్కరి చేత విడిగా పాడించి దిద్దుతున్నారా, అందరూ కలిసి పాడేసి లేచిపోతున్నారా? గాత్రం పిల్లలకి పక్కవాద్యంతో పాడే అవకాశం కాలేజీలోనే దొరుకుతోందా? నాట్యమైతే నేల చూడండి. గట్టి సిమెంటు నేల మీద ఏళ్ల తరబడి అడవులు (భరతనాట్యంలో అడుగుల పాఠాలు) వేసిన మోకాళ్లు ముప్పై దాటాక మాట వినవు. నట్టువాంగం, అంటే తాళాలు వాయిస్తూ నాట్యాన్ని నడిపించడం, మనిషి చేస్తున్నారా, ఫోన్‌లోంచి రికార్డింగ్ పెడుతున్నారా అన్నదీ గమనించండి.

పర్మినెంట్ లెక్చరర్లు ఎంతమంది, గెస్ట్ లెక్చరర్లు ఎంతమంది అని అడగండి. ప్రభుత్వ కాలేజీలో ఖాళీలు ఉండొచ్చు. ఖాళీలున్నంత మాత్రాన కాలేజీని కొట్టేయొద్దు, మీకు కావలసిన విభాగంలో ఎవరున్నారన్నదే చూడండి. ఆ పేర్లు రాసుకుని వాళ్ల ప్రదర్శనలు, కచేరీలు ఏమున్నాయో వెతకండి. తన పని మానేసిన టీచర్ కంటే ఇప్పటికీ పని చేస్తున్న టీచర్ దగ్గర చదువు బాగుంటుంది.

తర్వాత గేటు ఎదురుగా టీ కొట్టు. అక్కడ మూడో ఏడాది, నాలుగో ఏడాది పిల్లలు ఉంటారు. తమిళం రాకపోయినా ఫర్వాలేదు, పలకరించండి, ఒక్కోసారి వాళ్లలో గూడూరు వాళ్లో చిత్తూరు వాళ్లో తగులుతారు. వాళ్లని "కాలేజీ బాగుందా" అని అడిగితే బాగుందనే అంటారు. "పోయినేడు బయటికెళ్లిన అన్నలు, అక్కలు ఇప్పుడేం చేస్తున్నారు?" అని అడగండి. "సొంత జేబులోంచి దేనికి ఎక్కువ ఖర్చవుతోంది?" అని అడగండి. ఈ రెండిటికీ జవాబులు దొరికితే ప్రాస్పెక్టస్ చదవనక్కర్లేదు.

అమ్మాయిలు, వాళ్ల తల్లిదండ్రులు ఇంకొకటి కనుక్కోవాలి. కళల చదువులో గురువు, శిష్యురాలు ఒంటరిగా సాధన చేసే సందర్భాలుంటాయి, గురువు మాట వేదవాక్కు అనే అలవాటూ ఉంటుంది. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ప్రకారం ప్రతి సంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయా చూడండి. అడిగినప్పుడు ఆఫీసువాళ్లు మొహం చిట్లిస్తే, దాన్ని గుర్తుపెట్టుకోండి.

5. నాలుగేళ్ల లెక్క ఒకే కాగితం మీద వేయండి

ఫీజు తక్కువని చేరి, రంగులు కొనలేక మధ్యలో ఆగిపోయే పిల్లలుంటారు. కాబట్టి ఒక తెల్లకాగితం తీసుకుని ఏడాది ఖర్చు నాలుగు గళ్లలో రాయండి: కాలేజీ ఫీజు, ఉండటం తినడం, సామగ్రి, ప్రయాణం. దాన్ని నాలుగుతో హెచ్చించండి. మూడేళ్ల కోర్సయితే మూడుతో. ఈ మొత్తం పక్కన ప్రైవేటు యూనివర్సిటీ మొత్తం రాసి పోల్చండి. ఒక్క సెమిస్టర్ ఫీజు పోల్చి నిర్ణయం తీసుకోకండి, ప్రైవేటులో రెండో ఏడాది నుంచి ఫీజు పెరుగుతుందా అనీ అడగండి.

సామగ్రి గడిలో అందరూ తప్పు చేస్తారు. పెయింటింగ్‌లో కాన్వాసు, రంగులు, బ్రష్షులు ప్రతి నెలా కావాలి, చివరి ఏడాది ప్రదర్శనకి ఫ్రేములు అదనం. శిల్పంలో రాయి, కంచు మీరే కొనాలా కాలేజీ ఇస్తుందా అన్నది ముందే తెలియాలి. ఫిల్మ్ సంస్థలో డిప్లొమా సినిమా తీయడానికి ఎవరు డబ్బు పెడతారో అడగండి. వీణ, మృదంగం ఒకసారి కొంటే ఏళ్లొస్తాయి, కానీ మొదటి ఖర్చు పెద్దది, మృదంగానికి తోలు మూతలు వేయించే ఖర్చు మళ్లీ మళ్లీ వస్తుంది. నాట్యానికి ప్రాక్టీసు చీరలు, గజ్జెలు సరే, అరంగేట్రం మాత్రం ఈ లెక్కలోకి తేకండి. డిగ్రీకి అరంగేట్రం అక్కర్లేదు. కల్యాణమండపం మాట్లాడి, ఆర్కెస్ట్రా పెట్టి ఒక్క సాయంత్రానికి లక్షలు తగలేసే ఇళ్లే, హాస్టల్ ఫీజు ఎక్కువైందని పిల్లని రోజూ సూళ్లూరుపేట నుంచి తిప్పుతాయి.

సూళ్లూరుపేట మాట ఎలాగూ వచ్చింది కాబట్టి చెబుతున్నా, చెన్నై సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ స్టేషన్ నుంచి సూళ్లూరుపేట దాకా సబర్బన్ రైళ్లు నడుస్తాయి, స్టూడెంట్ సీజన్ టికెట్‌తో చాలా చౌక. నాలుగేళ్లూ అలా తిరగగలరా అన్నది వేరే విషయం. స్టూడియోలో సాయంత్రం పని చేయాలంటే ఊళ్లో ఉండటమే మేలు. మగపిల్లలకి ట్రిప్లికేన్ మాన్షన్లు, అంటే ఒంటరి మగాళ్లకి గదులు అద్దెకిచ్చే లాడ్జీలు, ఇప్పటికీ ఆదుకుంటున్నాయి. మాన్షన్ గది ఇరుకే, కానీ ఎగ్మూరు దగ్గర. అమ్మాయిలకి కాలేజీ హాస్టల్ దొరకకపోతే పీజీ (పేయింగ్ గెస్ట్) చూసుకోవాలి. చెన్నై మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి 2021 నుంచి టికెట్ లేదు, ప్రయాణం గడిలో అది కలిసొస్తుంది. కాగితం, అట్టలు లాంటివి పారీస్ కార్నర్ వెనక ఆండర్సన్ స్ట్రీట్‌లో హోల్‌సేల్ ధరకి దొరుకుతాయి. నలుగురు కలిసి కొనుక్కోండి.

ఇదంతా పోగా, ఊరు ఉచితంగా ఇచ్చేవి కొన్ని ఉన్నాయి, వాటికి గడి అక్కర్లేదు. మార్గళి నెలలో (డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా) సంగీత సభల్లో మధ్యాహ్నం కచేరీలకి చాలాచోట్ల టికెట్ ఉండదు, వర్ధమాన కళాకారుల పాట అక్కడే వినాలి. గ్రీమ్స్ రోడ్డులో లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రానికి వెళితే ప్రదర్శనలతో పాటు పనిచేసే స్టూడియోలు కూడా చూడొచ్చు. ఎగ్మూరు మ్యూజియం కంచు విగ్రహాల గ్యాలరీలో స్కెచ్ బుక్‌తో ఒక సెలవురోజు గడిపితే, ఏ ప్రైవేటు కాలేజీ ప్రొజెక్టర్ మీదా దొరకని పాఠం దొరుకుతుంది.

6. పక్క రాష్ట్రం వాళ్ల లెక్క వేరు

తమిళనాడులో రిజర్వేషన్ 69 శాతం. అది తమిళనాడు స్థానికులకి. ఆంధ్ర, తెలంగాణ నుంచి వచ్చేవాళ్లకి అక్కడి కుల ధ్రువపత్రం ఇక్కడ పనిచేయదు, ఓపెన్ కోటాలో పోటీ పడాలి. బయటి రాష్ట్రం వాళ్లని ఆ కోర్సుకి తీసుకుంటారా అన్నది ప్రాస్పెక్టస్‌లో ముందే చూసుకోండి. తరతరాలుగా చెన్నైలోనే ఉన్న తెలుగువాళ్లయితే నేటివిటీ, కమ్యూనిటీ సర్టిఫికెట్లు తాలూకా ఆఫీసు నుంచి ముందే తీయించి పెట్టుకోండి, అడ్మిషన్ల సీజన్లో అక్కడ క్యూ కదలదు.

మన ఇంటర్ బోర్డు సర్టిఫికెట్‌తో ఇక్కడ చేరాలంటే టీసీతో పాటు మైగ్రేషన్ సర్టిఫికెట్, చేరే యూనివర్సిటీ నుంచి ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ అడుగుతారు. సీటు వచ్చాక పరిగెత్తే కంటే మైగ్రేషన్ ముందే తీసుకోవడం నయం. సినిమాటోగ్రఫీ లాంటి కోర్సుల్లో ఇంటర్‌లో ఏ గ్రూపు చదివారన్నది చూస్తారు, సీఈసీ పిల్లలు దరఖాస్తు ఫీజు కట్టేముందే అది చదువుకోండి. ప్రభుత్వ ఆర్ట్స్, సైన్స్ కాలేజీలకి ఆన్‌లైన్‌లో ఉమ్మడి దరఖాస్తు ఉంటుంది, క్వీన్ మేరీస్ ఆ దారిలోనే. లలితకళల కాలేజీల దరఖాస్తులు విడిగా ఉంటాయి. ఇవన్నీ వేసవిలోనే తెరుచుకుని మూసుకుపోతాయి కాబట్టి ఏప్రిల్ నుంచి వారానికోసారి వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి.

భాష సంగతి. పాఠం తమిళంలో సాగుతుంది, మధ్యలో ఇంగ్లీషు. ఆరు నెలల్లో చెవికి పట్టుకుంటుంది, భయం లేదు. పరీక్ష ఏ భాషలో రాయొచ్చు, మొదటి భాషగా తెలుగు తీసుకోవచ్చా అని మాత్రం అడగండి. సంగీతం పిల్లలకి ఒక కలిసొచ్చే సంగతి ఉంది. త్యాగరాజు కీర్తనలు, క్షేత్రయ్య పదాలు, ఎన్నో వర్ణాలు మన భాషవి. పక్కన కూర్చున్న తమిళ పిల్ల తమిళ లిపిలో రాసుకున్న క అక్షరం చూసి అది కనా గనా అని తడుముకుంటుంటే మీరు అర్థం తెలిసి పాడతారు. సాహిత్యం అర్థం చెప్పి ఆ పిల్లకి సాయం చేస్తే, ఆమె మీకు తమిళం నేర్పుతుంది.

7. ఎంపిక పరీక్షకి చేతులు సిద్ధం చేయండి

మార్కులు కొంతవరకే. చిత్రకళకి ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది. ఎదురుగా ఉన్న వస్తువులని గీయడం, జ్ఞాపకం నుంచి ఒక దృశ్యం వేయడం, రంగులతో కూర్పు, ఈ మూడిట్లో చేయి తిరగాలి. హీరో ఫొటో చూసి పెన్సిల్ షేడింగ్ వేసే అలవాటు ఇక్కడ అక్కరకు రాదు. ఫొటోలు పక్కన పెట్టి వంటింట్లో కూర్చోండి, అమ్మ కూర తరుగుతుంటే గీయండి. బస్టాండులో కూర్చుని గీయండి. జనం కదులుతారు, గీత తప్పుతుంది, ఫర్వాలేదు. ఇంటర్వ్యూకి పోర్ట్‌ఫోలియో అడిగితే బాగా వచ్చిన పది పదిహేను బొమ్మలతో పాటు ఆ మాసిన స్కెచ్ బుక్ కూడా పట్టుకెళ్లండి. మీరు రోజూ గీస్తారో లేదో అందులోనే తెలుస్తుంది.

గాత్రానికి ఒక వర్ణం రెండు కాలాల్లో, నాలుగైదు కృతులు శ్రుతి తప్పకుండా పాడగలగాలి. ఎక్కువ పాటలు వచ్చని చూపించుకోవడం కంటే వచ్చినవి నిలబెట్టి పాడటం మేలు. నాట్యానికి అరమండి (మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ), అడవులు శుభ్రంగా ఉండాలి. కూచిపూడి నేర్చుకుని వచ్చేవాళ్లు భరతనాట్యం కోర్సులో చేరితే మొదటి ఏడాది పాత అలవాట్లు విప్పుకోవడమే పనవుతుంది, దానికి సిద్ధపడండి.

8. డబ్బు సాయం ఎక్కడిది

ఫీజు రీయింబర్స్‌మెంట్ బయటి రాష్ట్రంలో చదివినా వస్తుందన్న ధీమాతో చేరకండి. చేరకముందే మీ జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఇంటర్‌లో మీ బోర్డులో పైవరస మార్కులు వచ్చి, ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపుంటే కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టర్ స్కాలర్‌షిప్‌కి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టొచ్చు. డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000 రూపాయలు. సంగీత, నృత్య, చిత్రకళల్లో ఇప్పటికే ఏళ్ల తరబడి శిక్షణ ఉన్న 18 నుంచి 25 ఏళ్లవాళ్లకి కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది, నెలకి 5,000 చొప్పున రెండేళ్లు. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండు దాకా చదివిన చెన్నై తెలుగు అమ్మాయిలకి పుదుమై పెణ్, అబ్బాయిలకి తమిళ్ పుదల్వన్ పథకాల కింద నెలకి వెయ్యి రూపాయలు వస్తాయి. చిన్న మొత్తమే, కానీ నెల రంగులకి సరిపోతుంది.

బ్యాంకు లోను తీసుకుని లక్షల ఫీజు కట్టే ఆలోచన మాత్రం మానుకోమంటాను. ఇంజినీరింగ్ లోను ఉద్యోగం వచ్చాక తీరుతుంది. బొమ్మలమ్మి, ట్యూషన్లు చెప్పి ఈఎంఐ కట్టడం మొదటి ఐదేళ్లలో నరకం.

9. ఇంటి దగ్గర ఒక దారి తెరిచి ఉంచండి

చెన్నై సీటు రాకపోతే ఏడాది పోకుండా సొంత రాష్ట్రంలోనూ దరఖాస్తు పెట్టండి. ఆంధ్రలో బీఎఫ్‌ఏకి ఏడీసెట్ అనే ప్రవేశపరీక్ష ఉంది, హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ప్రవేశపరీక్ష ఉంది. తిరుపతిలో టీటీడీ సంగీత, నృత్య కళాశాల, శిల్ప శిక్షణ సంస్థ ఉన్నాయి. అక్కడ మీరు స్థానికులు, రిజర్వేషన్ వర్తిస్తుంది, హాస్టల్ తేలిక. నిజానికి సంప్రదాయ శిల్పానికి తిరుపతి చూశాకే మహాబలిపురం చూడండి.

10. డబ్బు కట్టే రోజు

రెండు చోట్ల సీటు వచ్చే అవకాశం ఉన్నప్పుడు ప్రైవేటు కాలేజీ "ఈ రోజే కట్టాలి, రేపటికి సీటుండదు" అంటుంది. కట్టేముందు డబ్బు వాపసు నిబంధనలు రాతపూర్వకంగా అడగండి. యూజీసీ 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానుకుంటే చిన్న కోత పోను ఫీజంతా తిరిగివ్వాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ శాతం తగ్గుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి వెంటనే తిరిగివ్వాలి తప్ప తమ దగ్గర అట్టేపెట్టుకోకూడదని కూడా అందులోనే ఉంది. అయినా అడుగుతారు, కాబట్టి టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ, మైగ్రేషన్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు అన్నీ ముందే స్కాన్ చేసి, అయిదేసి జిరాక్సులు తీయించి, గెజిటెడ్ ఆఫీసర్ సంతకం పెట్టించి ఫైల్లో పెట్టుకోండి. ఒరిజినల్స్ ఎవరి చేతికైనా ఇవ్వాల్సి వస్తే, ఏమేం ఇచ్చారో రాసి సీలుతో రసీదు తీసుకున్నాకే కౌంటర్ వదలండి.